బిడ్డ లేని కడుపు

1981లో నేను తిరుపతిలో ఒక పెద్ద ఆస్పత్రిలో పెథాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కలు సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని మైనంలో గట్టిపరిచి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో రాసివ్వడం మా పని. రోగి ముఖం చూసే అవసరం ఉండదు. వార్డువాళ్లు మమ్మల్ని సీసాల డాక్టర్లని ఎగతాళి చేసేవారు. సీసాలు ఏడవవు, మీ పనికన్నా నయమే అనేదాన్ని.

రెడ్డెమ్మ కూడా నా దగ్గరికి మొదట సీసాగానే వచ్చింది. కార్వేటినగరం దగ్గర పల్లె, చెనిక్కాయ, అంటే వేరుశెనగ, పండించుకునే ఇల్లు. పెళ్లయిన చాన్నాళ్లకు నిలిచిన కడుపు. నాలుగో నెలకే ఆరో నెల కడుపంత పెరిగేసరికి కవలలని అత్త మురిసిపోయి, పేర్లు కూడా అనుకుందట. అంతలో రక్తం పోవడం మొదలై ఆస్పత్రికి తెచ్చారు. గర్భసంచిలో బిడ్డ లేదు, గుత్తులు గుత్తులుగా నీటిబుడగలున్నాయి. దీన్ని ముత్యాల గర్భం అంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం. ఇక్కడ ఆలు ఉంది, చూలు ఉంది, బిడ్డే లేదు. నాకు నవ్వు రాలేదు.

బిడ్డను చూపిస్తేగానీ ఇంటికి పోనని ఆమె మొండికేసింది. చెప్పి చెప్పి విసిగిపోయిన వార్డు డాక్టరు, చూసింది నువ్వే కాబట్టి నువ్వే చెప్పమని నన్ను పిలిపించింది.

మంచం పక్కన కూర్చుని వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. కడుపు నిలిచిన తొలి రోజుల్లో పిండమంటే కణాల చిన్న ఉండ. అందులో బయటి వరసలో ఉన్న కణాలదొక దారి, లోపల ఉన్నవాటిదొక దారి. లోపలివి బిడ్డ అవుతాయి. బయటివాటిని మేము ట్రోఫోబ్లాస్ట్ అంటాం, అవి మాయ అవుతాయి. తల్లి గర్భసంచిలోకి తొలుచుకుపోయి బిడ్డకు కావలసింది తెచ్చిపెట్టడం వాటి పని. గర్భపరీక్షలో కనిపించేది కూడా ఆ బయటి కణాల హార్మోనే. రెడ్డెమ్మ కడుపులో బయటివే పెరిగాయి, లోపలివి ఏర్పడలేదు.

"గింజ పట్టని చెనిక్కాయ మాదిరా మేడమ్?" అంది. అవునన్నాను.

"దినామూ దాంతో మాట్లాడతా ఉంటి. అయితే నేను ఎవురితో మాట్లాడినట్టు?"

ఆమె చేయి పట్టుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పక తప్పలేదు. ఆ బయటి కణాలు ఏ కొంచెం మిగిలినా క్యాన్సరుగా మారవచ్చు, రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. కాబట్టి నెలనెలా మూత్రపరీక్షకు రావాలి, కొన్నాళ్లు కడుపు రాకుండా చూసుకోవాలి. పరీక్ష పాజిటివ్ అయితే బిడ్డేనని అనుకోవద్దు, ఆ రోజే బస్సెక్కమని ఆమెకూ, భర్త మునిరత్నానికీ, అత్తకూ విడమరిచి చెప్పాను.

కొన్ని నెలలు క్రమం తప్పకుండా వచ్చింది. పరీక్ష నెగటివ్ అయింది. వచ్చినప్పుడల్లా ఉడకేసిన చెనిక్కాయలు ల్యాబులో అందరికీ పంచేది. చేలో కాయ పెరికే రోజులు వచ్చాక రావడం మానేసింది. కబురు పంపితే బాగానే ఉందన్నారు.

మరుసటి ఏడాది వచ్చినప్పుడు మోచేతుల దాకా గాజులున్నాయి. నెల తప్పితే దగ్గర్లోని టౌన్లో పరీక్ష చేయించారట, పాజిటివ్ వచ్చిందట. అత్త సంబరపడి గాజులు తొడిగించింది. ఇప్పుడు దగ్గితే రక్తం పడుతోంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా గుండ్రటి తెల్ల మచ్చలు. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నేను చెప్పింది మరిచిపోయావా అని గట్టిగానే అడిగాను.

"మర్సిపోలేదు మేడమ్. ఇంట్లో అందురూ నవ్వతా ఉండారు. ఈసారి గింజ ఉండాదేమో అనుకున్నా" అంది.

క్యాన్సరు మందు మద్రాసు నుంచి తెప్పించాం. మొదలుపెట్టిన కొద్దిరోజులకే, ఆ కణాలు మెదడుకూ పాకి, తలలో రక్తస్రావమై రెడ్డెమ్మ చనిపోయింది. ఆ బయటి కణాలకు తెలిసిన పని ఒక్కటే, తొలుచుకుపోవడం. ఎవరికోసం తొలుస్తున్నాయో ఆ బిడ్డ మాత్రం లేదు.

శవాన్ని తీసుకెళ్లే ముందు అత్త నా గదికి వచ్చింది. కడుపుతో పోయిన మనిషిని అట్లే పూడ్చకూడదని, బిడ్డను తీసి విడిగా పూడ్చాలని వాళ్ల కట్టుబాటు. ఆ పనికి ఊళ్లో మనిషిని కూడా పిలిపించారట. గాజులు తొడగడం ఊరంతా చూసింది కాబట్టి, కడుపు లేదని తాను చెబితే ఎవరూ నమ్మరంది.

"దాన్ని కొయ్యనీకుండా నువ్వొచ్చి ఒక మాట సెప్పు తల్లీ."

వాళ్ల వెంట వ్యానులో వెళ్లాను. పెద్దమనుషులు వాకిట్లో కూర్చుని ఉన్నారు. లోపల బిడ్డ లేదని, వేరుచేయడానికి ఏమీ లేదని చెప్పాను. పరీక్షలో ఉండాదని వచ్చింది గదా అని ఒకాయన అడిగితే, రెడ్డెమ్మకు చెప్పినదంతా ఆయనకూ మొదటినుంచి చెప్పాను. చివరికి ఆయనే, అయితే అట్లే కానీండప్పా అన్నాడు.

పిండం భాగాలు కనిపించలేదని రిపోర్టుల్లో ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. అది జబ్బు గురించిన మాట అనుకునేదాన్ని. మంచం మీద ఉన్న మనిషికి చెప్పాల్సి వచ్చినప్పుడు, అంత క్రూరమైన మాట ఇంకోటి లేదనిపించింది. చనిపోయాక ఆమెకు నేను చేయగలిగిన మేలు కూడా ఆ మాట ఒక్కటే అయింది. ఆ సాయంత్రం రెడ్డెమ్మను ఒంటిమీద కత్తి పడకుండా, ఒక్కదాన్నే పూడ్చారు.