నుమాయిష్‌కు పోయిన నాడు నూకలు అడిగితే...

మా చిన్నతనంలో... హైదరాబాదులో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కు, నుమాయిష్‌కు బయలుదేరిన రోజున మా అమ్మ అన్నిటికంటే ముందు సర్దినది వత్తుల స్టవ్వును. దాని వెంట రెండు గిన్నెలు, చింతపండు, ఎండుమిరపకాయలు... బట్టలు ఆ తరువాతనే సంచిలోకి వెళ్ళాయి.

నుమాయిష్‌లో తిండి పిరమని అందరూ చెప్పారు. అందుచేత సత్రంలో గది తీసుకుని వంట మేమే చేసుకోవాలని, మిగిలినదంతా జెయింట్ వీలుకు, రంగులరాట్నానికి ఖర్చు పెట్టాలని అమ్మ నిర్ణయించింది. తమ్ముడికీ నాకూ అది నచ్చలేదు. వేడివేడి మిర్చిబజ్జీల కోసమే మేము వరంగల్ స్టేషన్‌లో రైలెక్కాము...

ఆ ప్రయాణం బాపు కోరిక. నాన్నను మేము అలాగే పిలిచేవాళ్లం. ఆయన బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చి ఛాతీ పాడైపోయింది. ఇక చేయగలిగినది ఏమీ లేదని ఆ చలికాలంలోనే దవాఖానాలో డాక్టరు అమ్మకు, బాపుకు చెప్పివేశాడు. మాకు చెప్పలేదు గాని, తలుపు చాటున మేమూ విన్నాము. నడవగలిగినప్పుడే పిల్లలకు నుమాయిష్ చూపించాలని బాపు పట్టుబట్టాడు.

సత్రంలో దిగిన సాయంత్రమే నలుగురం సరుకులకు వెళ్ళాము. అందులో అమ్మకు ఒక పద్ధతి ఉండేది... అమ్మేవాళ్లు గంపలు సర్దుకునే వేళ దాకా ఆగేది. అప్పుడు పుంటికూర కట్టలు, మెత్తబడిన టమాటలు అగ్గువకు వస్తాయి. ఊరు కాని ఊరిలో కూడా ఆ వేళను ఆమె సరిగ్గా పట్టుకున్నది. బాపు సంచి మోస్తూ, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆమె బేరాలు చూసి నవ్వుతూ వెనుక నడిచాడు. మీ అమ్మకు నుమాయిష్ అంటే ఇదేనని తమ్ముడితో హాస్యమాడాడు.

ఇక కొనవలసినవి నూకలు. బియ్యంకన్నా అగ్గువ, త్వరగా ఉడుకుతాయి, కిరసనాయిలు కలిసివస్తుంది. సత్రం పక్కనున్న కిరాణా దుకాణంలో బాపే అడిగాడు. దుకాణదారు తలెత్తకుండానే, తక్కెడ తుడుచుకుంటూ చెప్పాడు.

"నీకు నూకలు ఒడిసినయన్నా."

ఒడిసినయంటే అయిపోయాయని. పాపం, ఆయన తన గోనెసంచి సంగతే చెప్పాడు. కాని ఒక మనిషికి నూకలు అయిపోయాయంటే మన భాషలో ఏమి అర్థమో నేను ప్రత్యేకంగా రాయనవసరం లేదు... మా ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయినా అయిపోయాయని అమ్మ అననిచ్చేది కాదు. ‘నిండుకున్నాయి’ అనాలి. లేమిని నోటితో పలుకకూడదని ఆమె పట్టింపు.

అమ్మ చేతిలోని పుంటికూర కట్టను దుకాణం అరుగు మీద పెట్టింది.

"నిండుకున్నయ్ అను."

"ఏందక్కా?"

"ఆయనను చూసి ఒడిసినయనకు. నిండుకున్నయ్ అను. నువ్వు అనేదాక నేను ఈడికెల్లి కదల."

బాపు నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. అరుగు పట్టుకుని వంగిపోయాడు... ఆ దగ్గు ఆగేవరకు దుకాణదారు అలాగే చూస్తూ నిలబడ్డాడు. అతనికి అర్థమైంది. లోపలికి వెళ్ళి ఖాళీ గోనెసంచి తెచ్చి, తలకిందులు చేసి, మూలలు దులిపాడు. గుప్పెడు నూకలు రాలాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టాడు.

"తప్పైందక్కా. అన్నకు ఇంక ఉన్నయ్... ఇగో."

ఖరీదు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ పూట అటుకులతో సరిపెట్టుకున్నాము. అమ్మ పొట్లం విప్పలేదు. మరునాడు నుమాయిష్‌లో బాపు జెయింట్ వీలు మెట్లు ఎక్కలేక కిందనే కూర్చున్నాడు. తమ్ముడూ నేనూ పైనుంచి నగరాన్ని చూశాము. అమ్మ మాతోపాటు ఎక్కినా చూడలేదు... మా తొట్టి కిందికి దిగిన ప్రతిసారీ ముందుకు వంగి, ఆయన ఉన్నాడా లేడా అని చూసుకున్నది.

వరంగల్ చేరిన తరువాత ఆ పొట్లాన్ని పోపు డబ్బాలో దాచింది. అవి ఉన్నంతకాలం ఆయన ఉంటాడని ఆమె నమ్మకం. రాత్రి కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నదానిని నేను... ఒక మాటకుగాని, గుప్పెడు గింజలకుగాని మనిషి ఆయుష్షుతో సంబంధం లేదని ఎవరికైనా సహేతుకంగా వివరించగలను. అయినా ఆ రోజుల్లో పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నేనూ మూత తీసి చూసేదానిని.

వానలు మొదలయ్యాక బాపుకు అన్నం దిగలేదు. ఒకనాటి ఉదయం తానే అడిగాడు.

"ఆ నూకలు జావ కాయ్."

అమ్మ విననట్టు చాటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

"అవి దాసిపెట్టుకుంటె నేనుంటనా, పిచ్చిదాన. కాయ్... పిల్లలకు సుత పొయ్యి."

అమ్మ కాచింది. నలుగురం తాగాము. బాపు రెండు చెంచాలు తీసుకుని, ఇన్ని రోజులు దాచి ఉప్పు మాత్రం మరచిపోయావని అమ్మను ఆటపట్టించాడు. ఆ వారం గడవలేదు...

నా పగటి బడి ఆ ఏడాదే ఆగిపోయింది. మిగిలిన చదువు పెద్దయ్యాక పనిచేసుకుంటూ పూర్తి చేశాను. అందుకు గర్విస్తాను. చూడడానికి బాపు లేడు.

ఇప్పుడు విహారయాత్రకు వెళ్ళినా సరుకులు ఫోనులోనే దొరుకుతున్నాయి. ఏదైనా లేకపోతే ‘స్టాకు లేదు’ అని తెర మీద కనబడుతుంది. మా అమ్మాయి మరొక దుకాణాన్ని నొక్కుతుంది. ఆ మాట ఎవరిని చూసి అన్నావని నిలదీయడానికి అవతల మనిషి ఉండడు... దులిపి చూపించడానికి గోనెసంచీ ఉండదు.

మీ ఇళ్లల్లో పెద్దలు ఏ మాటను నోట రానిచ్చేవారు కాదు? దానికి బదులుగా ఏమనేవారు? రాయండి, నాకు చదవాలని ఉంది...

మా ఇంట్లో బాపు పోయిన తరువాత ఆ పట్టింపు లేదు. బియ్యం అడుగంటిననాడు అమ్మ డబ్బాకు మూత పెట్టి, మా వైపు చూడకుండా, తిన్నగా ‘ఒడిసినయ్’ అనేది.