కళ్ళు మూసుకుని తిట్టే విద్య

మా ఇళ్ళలో ఎవరినైనా తీరిగ్గా తిట్టాలంటే ముందు కళ్ళు మూసుకోవాలి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో చాప మీద మోకరించి ఒకరి తర్వాత ఒకరం పైకే ప్రార్థన చేస్తాం. పక్కవాళ్ళ మీద కడుపులో ఉన్నదంతా అప్పుడు దేవుడికి చెప్పుకోవచ్చు. వాళ్ళు అక్కడే ఉంటారు, అంతా వింటారు, నోరు మాత్రం ఎత్తకూడదు. పైగా ఆఖర్న ఆమెన్ అని ఒప్పుకోవాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఏ పంచాయతీలోనూ లేదు.

ఈ విద్యలో మా అత్తగారిని మించినవాళ్ళను నేను చూడలేదు. మోకాళ్ళు అరిగి మా ఇంటికి చేరింది గనక ఆవిడ మోకరించదు, కుర్చీలో కూర్చుంటుంది. అంటే మాకంటే కాస్త ఎత్తులో, దేవుడికి కాస్త దగ్గరగా. పొద్దెక్కేదాకా మంచం దిగనివాళ్ళు ఈ ఇంట్లో ఉన్నారు, నువ్వే లేపాలి తండ్రీ అని మొదలుపెడుతుంది. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆవిడ కోడి కంటే ముందు లేస్తుంది, నా భార్య ఆవిడ కంటే ముందు లేస్తుంది. ఇక మిగిలింది ఎవరో దేవుడే కనిపెట్టాలి.

నేను ఎనిమిదిలోనే బడి మానేశాను గానీ ఎదురు జవాబులో ఎన్నడూ ఫెయిల్ కాలేదు. నా వంతు రాగానే, ఉప్పు సరిపోయినా సరిపోలేదనే నాలుకలను ముట్టి బాగుచేయమని వేడుకునేవాణ్ణి. నా భార్య మూసిన కళ్ళతోనే గురి తప్పకుండా మోచేత్తో పొడిచేది. మా పాస్టరుగారు వారం వారం ఓర్పు గురించే చెబుతారు. ఆయన అత్తగారు వేరే ఊళ్ళో ఉంటుంది, చెప్పగలరు.

ఒకరోజు ఆవిడ ప్రార్థన మధ్యలో మిరపకాయల వ్యాపారి ఫోన్ చేస్తే లేచి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ చీరలు సంచిలో సర్దుతోంది. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న కొడుకు దగ్గరికి పోతానంది. సంచి మోసి బస్సెక్కించే పుణ్యం నాకే దక్కుతుందని లోపల సంబరపడుతుంటే, నా భార్య నన్ను పెరట్లోకి పిలిచింది.

"తమ్ముడుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ ఆ మెట్లెక్కితే మళ్ళీ దిగలేదు. పగలంతా వాళ్ళిద్దరూ ఉద్యోగాలకి పోతే గోడలతో మాట్లాడుకోవాలి. మీకు దణ్ణం పెడతా, కాస్త ఓర్చుకోండి."

పెళ్ళయినప్పట్నుంచీ నా భార్య నన్ను దేనికీ బతిమాలలేదు. ఎంత వెతికినా నాకు వెటకారం దొరకలేదు. లోపలికి వెళ్ళి తప్పయిపోయిందన్నాను. ఆవిడ నాతో నేరుగా మాట్లాడదు, దేవుడి ద్వారానో కూతురి ద్వారానో కబురంపుతుంది. ఇంకోసారి ప్రార్థనలోంచి లేచాడంటే తనుండనని కూతురికి చెప్పింది.

అప్పట్నుంచి ఓర్పు సాధన మొదలుపెట్టాను. ఆవిడ ఎన్నన్నా, నా వంతులో ప్రపంచ దేశాల నాయకులందరి కోసం ప్రార్థించాను. ఏ దేశానికి ఎవరు నాయకుడో నాకు తెలియదు, వాళ్ళకి మాత్రం బాగా మేలు జరిగుంటుంది.

అప్పుడు మిరపకాయ ఇంటి పక్క కల్లంలో ఆరుతోంది. మంచు పడకుండా రోజూ పొద్దుగూకే లోపు టార్పాలిన్ పట్టాలు కప్పేస్తాం. ఆ రోజు ఆలస్యమైంది. ప్రార్థన అయ్యాక కప్పుదాంలే అనుకున్నాను. ప్రార్థన ఎప్పుడవుతుందో నిర్ణయించేది ఎవరో మర్చిపోయాను.

ఆవిడ నా బద్ధకం సంగతి ముగించి నా స్నేహితుల దాకా వచ్చేసరికి ఉరిమింది. వరండా రేకు మీద ఒక చినుకు టప్పుమంది. వెనకే ఇంకోటి. తడిస్తే కాయ తెల్లబడుతుంది, ఏడాది కష్టం తాలుకాయ కింద సగం ధరకి పోతుంది. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. నా భార్య చెయ్యి నా చొక్కా అంచు పట్టుకుంది. లాగుతోందో నెడుతోందో తెలియలేదు. నేను కదల్లేదు.

అత్తగారి గొంతు కాస్త ఆగి, మళ్ళీ లేచింది.

"నాయనా యేసయ్యా, కాయ తడుస్తుంటే కదలకుండా కూర్చున్న ఈ మనిషిని నేనేం చెయ్యను తండ్రీ. ఓర్పుండాలి గానీ మరీ ఇంత మొద్దా. లేపు నాయనా. ఆమెన్."

నేను అంత మనస్ఫూర్తిగా ఆమెన్ అనడం అదే మొదలు. నేనూ నా భార్యా కల్లంలోకి పరుగెత్తాం. గాలికి పట్టా ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస లేస్తోంది. పెట్టిన రాళ్ళు ఆగడం లేదు. చూస్తే మా అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, ఎగిరే కొస మీద చతికిలబడింది.

"తడుస్తారు అత్తమ్మా, లోపలికి పదండి," అన్నాను.

"నేనేమన్నా తాలుకాయనవుతానా? ఆ మూల చూడవయ్యా ముందు," అంది.

ఇన్నాళ్ళకి నాతో నేరుగా మాట్లాడింది. చెప్పిన మూలకి పరుగెత్తాను.

అంచుల్లో కొంత తడిసింది, మిగతాదంతా దక్కింది. మర్నాడు పొద్దున్నే కొడుక్కి ఫోన్ చేసి, "నేను లేకపోతే ఈళ్ళకి పట్టా కప్పుకోవడం కూడా చేతకాదురా, నేనెక్కడికీ రాను," అంది. కల్లంలో తడికాయ ఏరుతున్న నా భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏమైందంటే ఘాటు అంది. మిరపకాయ పండించే ఇంట్లో ఎవరూ ఏడ్చినట్టు లెక్క కాదు. నేనూ పక్కనే కూర్చుని కాసేపు ఏరాను. ఘాటు నిజంగానే ఎక్కువగా ఉంది.