యాదగిరి పని ఏమిటి?

"చేతికేమైనా అయితే బీమా ఉంది" అని మా కార్మికుడు మల్లయ్యకు నా భాగస్వామి ఎప్పుడో మాటిచ్చాడు. ప్రీమియం తగ్గుతుందని, ప్రెస్ నడిపే అతన్ని బీమా కాగితాల్లో ప్యాకింగ్ మనిషిగా రాయించాడు. ప్రెస్ మెషిన్ కింద మల్లయ్య వేళ్లు పోయాయి. బీమా రాలేదు.

ఈ రోజు మా నాచారం షెడ్డుకు ఏజెంటు వచ్చి కార్మికుల బీమా ఖర్చు అంచనా వేశాడు. పనిని బట్టి రేటట. జాబితాలో మా షెడ్డు మనిషి యాదగిరి పేరు దగ్గర ఆగాడు.

"యాదగిరి ఏం పని జేస్తడు సార్?"

"పొద్దుగాల ఊడుస్తడు, పగలు ప్రెస్ నడుపుతడు, సాయంత్రం ఆటోల మాల్ ఏసుకొని మల్లాపూర్ పోతడు" అన్నాను.

"ఒక్కటే జెప్పున్రి సార్. ఊడుసుడు రాస్తే మస్తు తక్కువైతది."

ఇన్ని పుస్తకాలు చదివినా ఫారంలోని 'పని' గడిలో ఏం రాయాలో తోచలేదు. చివరికి ప్రెస్ అని రాయించాను. మరి ఆటో బోల్తా పడితే? తెలిసినవాళ్లు చెప్పండి. మల్లయ్య వేళ్ల సంగతి మాత్రం నాకు తెలుసు. వాటికి జవాబు చెప్పాల్సినవాడు నా భాగస్వామి చింతల రాజిరెడ్డి.