దేవుని మూట

రాగుల మూట మూతి విప్పితే నేను ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. చిత్తూరు జిల్లాలో పుట్టి, రాగి సంగటి తిని పెరిగినదాన్ని, ఈ మాట చెప్పుకోవడం సిగ్గే. ధాన్యం చేసిన తప్పేమీ లేదు. ఆ ధాన్యంలో ఒక మనిషి ఏం దాచాడో, దాచినదానికి ఎవరి పేరు పెట్టాడో కళ్ళారా చూశాను. ఆ రోజు వాసన ముక్కులోంచి పోలేదు.

అవి మా రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్న రోజులు. మాది పూతలపట్టు దాటాక రోడ్డుకు ఆనుకుని ఉన్న పల్లె. కర్ణాటక నుంచి పలమనేరు మీదుగా దిగి తిరుపతికి పోయే లారీలన్నీ మా గుడి ముందు నుంచే పోయేవి. గుడి అంటే మా క్రైస్తవుల గుడి, పెంకుల కప్పు, గచ్చు నేల. ఊళ్ళో సారాయి అంగడి మూసిన రోజు ఆడవాళ్ళం ఆ గచ్చు మీద మోకరించి ఏడ్చాం. నేనప్పుడు ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. మా నాయన సంఘ పెద్దల్లో ఒకరు.

ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా వీధిలోని ఒక అక్క. అమ్మానాయనలు పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఆ తమ్ముడు సారాయికి అలవాటుపడి ఆమె ఇత్తడి బిందె మొదలు మేకపిల్ల దాకా అమ్ముకున్నాడు. వాంతి చేసుకుని రోడ్డు పక్కన పడి ఉంటే ఆమే నీళ్ళు పోసి కడిగి ఇంటికి తెచ్చుకునేది. ఒకసారి రక్తం కక్కాడు. ఇంకోసారి మొదలుపెడితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. అంగడి మూతపడ్డాక అతను తేరుకున్నాడు. తాపీ పనికి పోయాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. మంచి గొంతు కాబట్టి గుడిలో పాట ఎత్తుకునేది కూడా అతనే. అక్క మాత్రం భయం విడవలేదు. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది. ఆమె ప్రార్థన అంతా ఒకటే: తమ్ముడు మళ్ళీ తాగకూడదు.

ఆమె భర్త లారీ డ్రైవరు. కోలారు వైపు నుంచి తిరుపతి మండీలకు రాగులు తోలేవాడు. లారీ నెత్తిన సిలువ బొమ్మ వేయించాడు. ఆదివారం ఊళ్ళో ఉంటే గుడిలో డోలక్ వాయించేవాడు, దేవుడు తనకు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పేవాడు. సాక్ష్యంలో ఎక్కడ గొంతు వణకాలో అతనికి బాగా తెలుసు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పంట ఇంటికి రాగానే మొదటి మూట మూతికి తెల్లగుడ్డ కట్టి పక్కన పెడతారు. అది దేవుని మూట. కోత పండుగకు గుడికి తెచ్చేదాకా దాన్ని విప్పరు. ఇంట్లో పిండి నిండుకుంటే పక్కింట్లో చేబదులు అడుగుతారు గానీ దాని మీద చెయ్యి వేయరు. డ్రైవరు ఈ ఆచారాన్ని లారీలోకి తీసుకుపోయాడు. పొలం లేనివాడికి లారీయే పొలమన్నాడు. ప్రతి లోడులోనూ ఒక మూటకు తెల్లగుడ్డ కట్టేవాడు. సరిహద్దులో తనిఖీ చేసేవాళ్ళు సారాయి కోసం మూటల్లోకి ఇనుప ఊచ దించి చూస్తారు. అతను ఆ మూట ముందు చేతులు కట్టుకుని నిలబడతాడట.

"అది దేవునికి మొక్కుకున్న మూట సామీ, పొడస్తే ఎంగిలైపోతాది అన్న్యా. ఆయన ఊస ఎనక్కి తీసుకోని, దేవుడి సొత్తు మాకెందుకప్పా, పో అని కండ్లకద్దుకున్నాడు. అన్యుడి నోట్లోనే దేవుడు ఆ మాట పలికించినాడు!"

ఇది గుడిలో సాక్ష్యంగా చెప్పాడు. మేమంతా స్తోత్రం అన్నాం. ఆ సంగతి తలచుకుంటే ఆ స్తోత్రం మీదే నాకు అసహ్యం వేస్తుంది.

ఆ మూట అతని ఇంట్లో వెనక గదిలో ఒకటి రెండు రోజులు ఉండి మాయమయ్యేది. చిత్తూరులో అనాథ పిల్లలకు ఇస్తున్నానని భార్యకు చెప్పాడు. ఆమె ఆ మాట బావి దగ్గర మాకు చెప్పి మురిసిపోయేది.

కోత పండుగ వచ్చింది. గుమ్మడికాయలు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బెల్లం దిమ్మెలు బలిపీఠం మెట్ల మీద పేర్చాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెడతారు. డ్రైవరు పొద్దున్నే వచ్చి డోలక్ ముందు కూర్చున్నాడు. కానుకగా ఒక కోడిని తెమ్మని భార్యకు చెప్పి వచ్చాడు. ఆమెకు వెనక గదిలోని తెల్లగుడ్డ మూట కనిపించింది. దేవుని మూట ఇంట్లో ఉండగా పండుగకు ఒట్టి కోడిని పట్టుకుపోవడం ఆమెకు బాగనిపించలేదు. పక్కింటివాళ్ళ ఎద్దులబండి మీద మూట వేయించుకుని, తాను వెనక నడిచి వచ్చింది. అప్పటికే పాస్టరు అయ్యోరు ప్రసంగంలో ఉన్నారు. బండివాళ్ళు మూట దించి మెట్ల మీద పెట్టారు. డ్రైవరు డోలక్ మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాకు అందులో వింతేమీ తోచలేదు.

వేలం పాట పాడేది తమ్ముడే. గుమ్మడికాయలతో అందరినీ నవ్వించి, కోళ్ళ దగ్గర ఇద్దరు వదినామరదళ్ళకు పోటీ పెట్టి, చివరికి మూట దగ్గరికి వచ్చాడు. పాటకు ముందు మూతి విప్పి ధాన్యం చూపించడం మామూలు. అతను తెల్లగుడ్డ విప్పి, మోచేతి దాకా చెయ్యి దించి పిడికెడు తీయబోయాడు. చెయ్యి లోపలే ఉండిపోయింది. చెయ్యి తీసి గబగబా మూతి ముడేయబోయాడు.

"ఈ మూట వద్దులే. పురుగు పట్టినట్టుండాది. పక్కన పెడదాం" అన్నాడు.

ముందు వరసలో ఉన్న ముసలమ్మ ఒకామె ఊరుకోలేదు. "పురుగో పుట్రో మేం జూసుకుంటాం గానీ, కుమ్మరించబ్బా. నువ్వేమన్నా రాగులు దిని సూసినావా, రాగులు పండించి సూసినావా?" అంది. అందరూ నవ్వారు. ఎవరో ఇద్దరు లేచి మూటను చాప మీదికి వంచారు.

రాగులతో పాటు ప్లాస్టిక్ ప్యాకెట్లు జారాయి. పక్క రాష్ట్రపు సారాయి ప్యాకెట్లు. నడుమ ఒకటి పగిలి ఉన్నట్టుంది, తడిసిన రాగులు ముద్దగా పడ్డాయి. ఆ కంపు బలిపీఠం మీది బంతిపూలను, సాంబ్రాణిని తొక్కేసి గుడంతా నిండింది.

వెనక నుంచి ఒక కుర్రాడు, "దీన్ని గూడా పాట పెట్టండన్నా, గుడికి మిద్దె ఏసేయొచ్చు!" అన్నాడు. మగవాళ్ళ చాపల మీద నవ్వు లేచింది. గుడిలో, బలిపీఠం ముందు, ఆ నవ్వు.

అక్క నవ్వలేదు. ప్యాకెట్ల వంక కూడా చూడలేదు. తమ్ముడి దగ్గరికి నడిచింది. చూడకుండానే మూట ఎందుకు ముడేయబోయాడో ఆమెకు అర్థమైంది.

"రేయ్, నా కండ్లల్లోకి సూడు. ఇది నీకెట్లా తెలుసురా? మళ్ళా తాగతా ఉండావా?"

అతను తల దించుకున్నాడు. "బావే ఇచ్చినాడక్కా. లోడు దించను పోయిన దినం... ఒళ్ళునొప్పులకు ఒకటేసుకోరా, మీయక్కకు నేను సెప్పన్లే అన్న్యాడు."

ఆమె శుక్రవారాలు పస్తులుంటే, అదే ఇంట్లో, అదే మనిషి, ఆమె ఏది వద్దని పస్తులుందో దాన్నే ఆ తమ్ముడి నోట్లో పోశాడు. ఆ సారాయికి దేవుని పేరు కప్పి తెచ్చాడు. దేవునికి ప్రత్యేకించినదాన్ని దొంగిలించి తన గుడారంలో పాతిపెట్టుకున్నవాడి బైబిలు కథ నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. వాడు దేవునిది తీసి తనదిగా దాచుకున్నాడు. ఇతను తన పాపాన్ని దేవునిదని దాచాడు. నా చదువులో ఇంతకు తగిన కథ దొరకలేదు.

డ్రైవరు లేచి నిలబడి, "నాకేం తెలుసప్పా? లోడు ఎత్తేటోళ్ళు ఎవురేసినారో! మూట తెచ్చింది ఆమె, నేనా?" అన్నాడు. కట్టుకున్న భార్య మీదికి తోసేశాడు.

పెద్దలు పక్క గదిలోకి పోయారు. మా నాయన కూడా పోయారు. బయటికి వచ్చేసరికి తీర్పు తయారుగా ఉంది. పోలీసుల దాకా పోతే గుడి పేరు పోతుంది, డ్రైవరు జైలుకు పోతాడు. కాబట్టి ఈ మూట సంతలో ఎవరో తెలియనివాడి దగ్గర కొన్నానని అక్క చెప్పాలి. ప్రార్థన చేసుకుని అందరూ పోవాలి.

"ఆ ఒక్క మాటంటే సాలమ్మా. నీ సంసారం నిలబడతాది, సంఘం నిలబడతాది" అన్నారు ఒక పెద్దాయన. మా నాయన నేల చూస్తున్నారు.

"నా తమ్ముడు నిలబడతాడా అన్నా?" అంది ఆమె. ఆమె సంఘం వైపు తిరిగింది. "మూట మా ఇంట్లోదే. దేవునిదని సెప్పింది మా ఇంటాయన. నమ్మి తెచ్చింది నేను. సంత లేదు, ఏం లేదు."

ఆ తర్వాత ఆమె ప్యాకెట్లన్నీ కొంగులో ఏరుకుని గుడి వెనక కాలువ దగ్గరికి పోయింది. కొందరు ఆడవాళ్ళం వెంట పోయాం. కూరగాయల కత్తితో ఒక్కొక్కటే కోసి పారబోశాం. చేతులు జిగటబడ్డాయి, కంపుకు తల తిరిగింది. "అయ్యో, అంతా మట్టిపాలు" అని గోడ మీది నుంచి ఒక మగమనిషి నిట్టూర్చాడు. అతను సంఘంలో చందాలు వసూలు చేసేవాడు.

మరుసటి ఆదివారం డ్రైవరు ముందుకు వచ్చి, సాతాను తనను మోసం చేశాడని ఏడ్చాడు. అతని కన్నీళ్ళకు మా సంఘంలో ఎప్పుడూ గిరాకీయే. పెద్దలు అతని తల మీద చేతులు పెట్టి ప్రార్థించి, ఆ పూటే డోలక్ అప్పగించారు. సారాయి ఎక్కడెక్కడికి పోయిందని గానీ, ఇంకెన్ని ఇళ్ళలో ఎవరెవరు తాగారని గానీ ఒక్కరూ అడగలేదు. క్షమించడం మా విశ్వాసంలో పెద్ద సంగతి. అడగకుండా వదిలేయడాన్ని కూడా క్షమాపణ అంటారని ఆ రోజే చూశాను.

అప్పుడు అక్క వచ్చింది. తమ్ముణ్ణి మణికట్టు పట్టుకుని తెచ్చింది. అతను తాగుడు మానేసి అప్పటికి వారమే. మా గుడిలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. ఆమె కుడి పక్కకు పోయి, మగవాళ్ళ చాప మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుంది.

పాట ఆగిపోయింది. మూట దొరికిన రోజు కూడా అంత కలవరం లేదు. ముగ్గురు పెద్దలు ఒకేసారి లేచారు.

"ఏమ్మే, అది మొగోళ్ళ సాప."

"తెలుసన్నా."

"ఆడోళ్ళ తావు ఆపక్క ఉండాది. లెయ్యి. గుడికొక మర్యాద ఉండాది."

"మీ మర్యాదలో వాడు కూసోని ఉండంగానే కదన్నా వాణ్ణి తాపినారు. ఇంగ మీ మధ్యన వాణ్ణి ఒంటిగా కూసోబెట్టను."

మా నాయన కూడా ఆ ముగ్గురిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక అడిగాను: "నాయనా, సారాయి కంటే సాప పెద్ద తప్పా?" ఆయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, "నీకు దెలీదు పాపా, ఇట్లాంటివి ఒకసారి వదిలితే అదుపుండదు" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ పూట తగ్గింది. మళ్ళీ పూర్తిగా పెరగలేదు.

అక్క ఆ రోజు ఆ చాప మీది నుంచి లేవలేదు, తర్వాతి ఆదివారాల్లోనూ లేవలేదు. తర్వాత నిషేధం సడలింది, రోడ్డు మీద అంగళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి, ఇక దొంగమూటలతో పని లేకపోయింది. తమ్ముడు ఆ తర్వాత ఒక్క చుక్క ముట్టలేదని నేను రాయలేను. జారాడు. జారినప్పుడల్లా ఆమె కడిగి, బట్టలు మార్చి, ఆదివారానికి ఆ చాప మీదికి తెచ్చింది. మనిషి మాత్రం దక్కాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఆమె గురించి అడిగితే, మగవాళ్ళ చాప మీద కూర్చున్న మొండిది అంటారు. మూట సంగతి ఎవరూ ఎత్తరు.