మోకాలెత్తు మైకు

నేను లెక్కల మాస్టారుగా చేసిన స్కూల్లో డ్రాయింగు మేడంగారు ఏ మీటింగులోనైనా ఆఖరి వరసలోనే కూర్చునేవారు. మైకులో ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో చెయ్యెత్తి, "వెనకాల వినబడట్లేదండీ" అనేవారు. హెడ్మాస్టరుగారికి మహా చిరాకు.

కొవ్వూరులోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఓ వానాకాలం, ఆవిడ స్కూలు హాల్లో కళాప్రదర్శన పెట్టారు. వెళ్లి చూస్తే ఒక్క బొమ్మా లేదు. మైకుసెట్టు షాపులో మూలపడ్డ ఎనిమిది హారన్లు పైనుంచి వేలాడుతున్నాయి. కింద మోకాలెత్తున ఒక మైకు. అంతే.

ప్రారంభించడానికి వచ్చిన స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు స్టాండు పైకి లాగబోయారు.

"రాదండి, వెల్డింగు చేయించేశాను. కింద కూర్చుని మాట్లాడాలండి," అని చెప్పి మేడం తన వరసలోకి వెళ్లిపోయారు. ఆవిడది టెంపరరీ ఉద్యోగం. ఉంచాలన్నా తీసెయ్యాలన్నా ఆ ప్రెసిడెంటుగారి చేతిలోనే ఉంది.

ఆయన కూర్చోలేదు. నిలబడే ఏదో మాట్లాడారు. పిల్లల గోలలో ఒక్క ముక్క వినబడలేదు. మైకు పక్కన గొంతుక్కూర్చుని ఆయన చెప్పులనుంచి నేలకంటిన బురద తుడుస్తున్న మా స్కూలు ఆయమ్మ, "ఇప్పుడేగా కడిగాను, చెప్పుల్తోనే వచ్చేశారు," అని గొణుక్కుంది. ఎనిమిది హారన్లూ ఆ మాట హాలంతా మోగించేశాయి. ఇన్నేళ్లుగా మా కాళ్ల మధ్యే తిరిగిన మనిషిని అందరం ఒకేసారి చూడడం అదే మొదలు.

ప్రెసిడెంటుగారు కిందికి చూసుకున్నారు. చెప్పులు విప్పి, పంచె సర్దుకుని, నేలమీద కూర్చున్నారు.

"తప్పయిపోయిందమ్మా," అన్నారు మైకులో.

ఆఖరి వరసలో చెయ్యి లేచింది.

"వెనకాల వినబడిందండీ!"