ఐరన్ గోలీలు మింగిన పిల్ల

కొత్తగూడెం జిల్లా అయిన మరుసటి ఏడాది, ఏప్రిల్ నెలలో, ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. సూపర్‌వైజర్ అంటే ఊళ్లలో తిరిగే ఏఎన్ఎంల పనిని సరిచూసే మనిషి. గర్భిణుల నమోదు, టీకాలు, రక్తపరీక్షలు, ఐరన్ మాత్రల పంపిణీ, వీటన్నిటి రిజిస్టర్లూ నా సంతకంతోనే పైకి వెళ్లాలి. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. నాకు తెలియనిది ఏమీ లేదనుకునే వయసు.

అక్కడి గర్భిణుల్లో చాలామందికి రక్తం తక్కువ. వాళ్లలో సమ్మక్క ఒకతె. ఆరో నెల, హిమోగ్లోబిన్ ఏడున్నర. భర్త సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటల్లో పనికి పోయేవాడు. ఇంట్లో అత్త ముత్తమ్మ, మూడేళ్ల కూతురు చిన్ని. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ముత్తమ్మ గోలీల స్ట్రిప్ అటూ ఇటూ తిప్పి చూసి, "మా అప్పుడు గోలీలు ఏడున్నయ్ సిస్టరమ్మా? జొన్న గట్క, సామలన్నం, అడివిల దొరికిన కూరాకు తింటిమి. గిప్పుడు తెల్లన్నం తింటున్నరు, అండ్ల ఏమున్నది?" అంది.

ఆమె మాటలో నిజం ఉంది. మండల వ్యవసాయాధికారి కూడా ఒక మీటింగులో అలాంటి మాటే చెప్పారు. దిగుబడి కోసం తెచ్చిన కొన్ని వంగడాల్లో, ఏటా ఒకే పంట పండి అలసిన నేలల్లో, గింజలో ఇనుము, జింకు తగ్గుతున్నాయని అంటున్నారట. ఉన్న కాస్తా మరలో పాలిష్ పట్టేటప్పుడు తవుడులో పోతుంది. నేను దీన్నే ప్రచారానికి వాడుకున్నాను. తిండిలో లేదు కాబట్టి గోలీ మింగాల్సిందేనని ఊరూరా చెప్పాను.

చెప్పడంతో ఆగలేదు. తర్వాతి పరీక్షకు వచ్చేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించాలని నియమం పెట్టాను. తేని వాళ్లను అందరి ముందు నిలబెట్టి తిట్టేదాన్ని. మొదటి నెల సమ్మక్క, నాలుగైదు గోలీలు తప్ప నిండుగా ఉన్న స్ట్రిప్పులే తెచ్చింది. కడుపులో బిడ్డ మీద ప్రేమ లేదా అని అడిగాను. మరుసటి నెల ఖాళీ స్ట్రిప్పులు తెచ్చింది. సంతోషించి రిజిస్టర్లో రాసుకున్నాను. రక్తం మాత్రం పెరగలేదు. అంత బలం లేని తిండి తింటుంటే ఎక్కడ పెరుగుతుందిలే అని సరిపెట్టుకున్నాను. వానలు పడితే ఊరి ముందరి వాగు పొంగుతుందని ఈసారి రెండు నెలల గోలీలు ఒకేసారి ఇచ్చి పంపాను.

జూన్ నెలలో ఒకనాడు మధ్యాహ్నం పన్నెండు దాటాక సమ్మక్క, ముత్తమ్మ చిన్నిని ఎత్తుకుని ఆటోలో దిగారు. నేరేడు పళ్లు తిని పొద్దున నాలుగైదుసార్లు కక్కుకుందని సమ్మక్క చెప్పింది. పిల్ల అప్పటికి తేరుకున్నట్టే ఉంది. వరండాలో కూర్చుని ఓఆర్ఎస్ ప్యాకెట్‌తో ఆడుకుంటోంది. మెడికల్ ఆఫీసర్ నాకంటే చాలా చిన్నవాడు, నిదానస్తుడు. చూసి, ఓఆర్ఎస్ రాసి, ఒక గంట ఉంచి పంపిద్దామన్నారు.

పిల్ల గౌను మార్చమని నేనే చెప్పాను. విప్పిన గౌను చేతిలోకి తీసుకున్నాను. నేరేడు మరక ఊదా రంగులో ఉంటుంది. ఈ మరక ఇటుకపొడిలా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. మా ఐరన్ గోలీల పైపూతది.

సమ్మక్కను లోపలి గదిలోకి తీసుకెళ్లి అడిగాను. ఆమె నా మొహం చూడలేదు.

"నన్ను తిట్టకమ్మా," అని ఏడుపు అందుకుంది. "గోలీ ఏస్కుంటే కడుపుల తిప్పుతాంది, దొడ్డికి నల్లగ పోతాంది. నీకు స్ట్రిప్పులు సూపియ్యాలె గదా. పిండి డబ్బల పోసిన. పొద్దున నేను పొయ్యికాడ ఉంటే పిల్ల తీసుకున్నది. తియ్యగున్నయని తిన్నది."

"ఎన్ని?"

"పదో, పన్నెండో. ఎవలికి ఎరుక."

పెద్దవాళ్లకు రోజుకొకటి చొప్పున ఇచ్చే గోలీ అది. ఆ పిల్ల పదకొండు కిలోలు.

డాక్టర్ గారికి చెప్పాను. ఆయన కాగితం మీద గోలీల ఇనుమును పిల్ల బరువుతో భాగించి పెన్ను కింద పెట్టారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఇనుము విషమైనప్పుడు ముందు వాంతులవుతాయి, తర్వాత కొన్ని గంటలు పిల్లలు కోలుకున్నట్టు కనిపిస్తారు, ఆలోగా అది రక్తంలోకి, కాలేయంలోకి పోతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. "ఇప్పుడు ఆ మధ్య కాలంలో ఉన్నాం సిస్టర్," అన్నారు.

కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. చిన్ని ప్యాకెట్‌ను నెత్తిన పెట్టుకుని నవ్వుతోంది. నా సర్వీసులో చావులు చూశాను. నవ్వుతున్న పిల్లను చూసి అంత భయపడింది మాత్రం ఆ రోజే.

ఇనుమును పట్టి మూత్రంలో బయటికి పంపే ఇంజెక్షన్ మా దగ్గర ఉండదు. డాక్టర్ గారు ఫోన్లు చేసి ఖమ్మంలో ఉందని తెలుసుకున్నారు. చేతికి సెలైన్ పెట్టి అంబులెన్స్ పిలిచారు. ముత్తమ్మ అడ్డం నిలబడింది. "పిల్ల మంచిగనే ఆడుకుంటాంది గదా. ఖమ్మం ఎందుకు? ఇంటికి పోతం," అంది. నచ్చజెప్పే ఓపిక నాకు లేదు. "ముత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత, ఎక్కు," అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి ఎక్కింది.

దారంతా పిల్ల నాడి మీద వేలు పెట్టి కూర్చున్నాను. కొత్తగూడెం దాకా కబుర్లు చెప్పింది. జూలూరుపాడు దాటాక మాట తగ్గింది. నిద్ర వస్తోందేమోనని తల్లి జోకొడుతోంది. చెయ్యి చల్లబడింది. నాడి సన్నగా, లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. సమ్మక్క నా మొహంలోకి చూసి జోకొట్టడం ఆపేసింది. డ్రైవర్‌తో జల్దీ పొమ్మని చెప్పాను.

ఖమ్మంలో పిల్లల వార్డు వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఎక్స్‌రేలో కడుపులో ఇంకా కరగని గోలీలు తెల్లచుక్కల్లా కనిపించాయి. కడుపు కడిగి, ఇంజెక్షన్ చుక్కలుగా ఎక్కించారు. మరునాడు మూత్రం ఎర్రటి రంగులో వచ్చింది. ముత్తమ్మ గుండె బాదుకుంటే, ఇనుము బయటికి పోతోందని డాక్టర్ చెప్పి కూర్చోబెట్టారు. నాలుగో రోజు పిల్ల అన్నం అడిగింది. ఇనుము చేసిన పుండ్లు మానేటప్పుడు కడుపులోంచి పేగులోకి పోయే దారి మూసుకుపోవచ్చని, నెలన్నర దాకా వాంతులు కనిపెట్టుకోవాలని చెప్పి ఇంటికి పంపారు. ఆ నెలన్నరా వారం వారం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టే ముందు ప్రతిసారీ, లోపల పిల్ల కక్కుతున్న చప్పుడేమైనా ఉందా అని ఆగి వినేదాన్ని. ఏమీ కాలేదు.

జరిగింది రాసి నా పేరుతోనే జిల్లాకు పంపాను. నెలకు సరిపడా మాత్రమే ఇవ్వాలన్న నిబంధన నేను దాటాను. మందలింపు మెమో వచ్చింది, తీసుకున్నాను.

సమ్మక్కకు గోలీలు ఆపలేదు. మొదట్లో వేసుకున్న ఆ కొన్నీ పరగడుపున, టీతో వేసుకున్నందుకే కడుపులో తిప్పడం, వేసుకున్నదీ ఒంటికి సరిగా పట్టకపోవడం. అది అడిగి తెలుసుకోవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలు అంతకుముందు నేను ఆమెకు ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నాను, డబ్బా దూలం మీద పెట్టించాను. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ పది దాటింది. ముత్తమ్మ వండిపెట్టిన కూరాకు కూడా సాయపడి ఉండవచ్చు. కానీ రక్తం అంత తగ్గాక, ఉన్న వ్యవధిలో తిండి ఒక్కటే దాన్ని పైకి తేలేదు.

రిటైరయ్యాక కొత్త ఏఎన్ఎంలు అడిగితే నేను చెప్పేది ఇంతే. తిండిలో తగ్గిన ఇనుముకు గోలీ పనికొస్తుంది, మింగితేనే. మనకు భయపడే మనిషి మింగానని చెబుతుంది. మనం దాన్ని రాసుకుని సంతకం పెడతాం.