రూతమ్మ టీచరుకు దొరికిన ఓడ గది

తార్నాక ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్ వాకింగ్‌లో నన్ను సముద్ర శాఖామంత్రిగా గౌరవించవలెను.

నేను ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాను. సముద్ర విహారానికి క్రూయిజ్ ఓడ ఎక్కాలా వద్దా అని ఏడాదిగా ఊగిసలాడుతున్న జాగ్రఫీ టీచరు రూతమ్మ గారు పొద్దున నన్ను వాకింగ్‌లో ఆపారు. ఆవిడ రిటైరై చాలా కాలమైంది.

“ఓడంతా డాన్సులేనటగా మల్లేశూ! ఈ వయసులో నాకెందుకయ్యా ఆ గోల?”

“సెలవులల్ల పోతే పిల్లల లొల్లి, శని ఆదివారాలైతే డీజే మోత. పిల్లల పరీక్షలప్పుడు పోతే అంత మీ ఈడోళ్లే ఉంటరు టీచరమ్మా, నిమ్మళంగ ఉంటది. గని గా ట్రిప్పుల ఒక్కటే గది మిగిలింది.”

ఆవిడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు.

“ముప్పై ఏళ్లు సముద్రాలన్నీ మ్యాపు మీద బెత్తంతో చూపించాను. ఏ వైపు చూసినా ఒడ్డు లేని చోటు ఎలా ఉంటుందో నేనే చూడలేదు. రాసెయ్ నా పేరు.”

నేనూ ఒకసారి చుట్టూ తిరిగి చూశాను. కనిపించినవి చెట్లు, హాస్టళ్లే. అయినా ఇంకోసారి తిరిగి చూశాను.

మీలో ఎవరైనా ఆ చోటు చూశారా? చూస్తే కింద రాయండి. ఒక్క గదే మిగిలిందన్నది మాత్రం నేను అల్లిన మాట. ఆ ఓడలో గదులు బోలెడున్నాయి, టీచరమ్మకు చెప్పకండి.